నడిచౌరస్తాలో టెంట్ హౌస్

నా మొదటి కస్టమరు దుకాణాన్ని నేను పటంలో నడిరోడ్డు మీద పెట్టాను. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు ఎప్పుడు కలిసినా "అక్కా, మీరు చేసిన పెద్ద తప్పు ఏమిటి?" అని అడుగుతుంటారు. ఎదుటివాళ్ల తప్పులు వింటే ధైర్యం వస్తుంది కాబోలు. వినండి మరి. నా డైరీలో అది తొమ్మిది పేజీలు ఉంది. ఇక్కడ కొంత తగ్గించి రాస్తున్నాను.

అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు కాలేదు. మూడూ ఒకే జిల్లాలోని ఊళ్లు. అసలు రాష్ట్రమే ఇంకా రాలేదు. మా ఇల్లు భూపాలపల్లిలో. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. డిగ్రీ అయ్యాక నేను జనగామలో మేనత్త ఇంట్లో ఉండి ఒక చిన్న ఆఫీసులో చేరాను. విత్తనాల దుకాణం మీద మేడగది, రెండు కంప్యూటర్లు, ఒక ఫోను, ముగ్గురు మనుషులు. అంతే ఆఫీసు.

మా పని ఏమిటంటే, ఎవరైనా ఇంటర్నెట్‌లో తమ ఊరి పేరు కొట్టి ఏదైనా దుకాణం కోసం వెతికితే, మా కస్టమరు దుకాణం కనబడేలా చేయడం. పేరు, చిరునామా, ఫోను నెంబరు, తెరిచే వేళలు, ఒక ఫోటో, పటం మీద ఒక ఎర్ర చుక్క. ఇవన్నీ ఎక్కించాక ఆ పటం సైటు వాళ్లు దుకాణం చిరునామాకు ఒక పోస్టుకార్డు పంపేవారు. దాని మీద ఒక రహస్య సంఖ్య ఉండేది. ఆ సంఖ్యను మేము కంప్యూటర్లో కొడితేనే దుకాణం లోకానికి కనబడేది. కార్డు రాకపోతే దుకాణం ఉన్నా లేనట్టే.

ఆఫీసులో మా సారు ఒకరు. రెండో ఆయన దుకాణాల చుట్టూ తిరిగే అన్న. ఆ అన్న నిలబడి మాట్లాడితే పంక్చర్ షాపు వాడు కూడా తనకు వెబ్‌సైటు కావాలని నమ్మేవాడు. మాట్లాడటం ఆయన వంతు, టైపు చేయడం నా వంతు. ఈ ఏర్పాటు నాకు ఎంతో బాగుండేది. ఫోను మోగితే నేను మంచినీళ్లకు లేచేదాన్ని. తప్పనిసరై మాట్లాడాల్సి వస్తే ఏం అడగాలో ముందు డైరీలో రాసుకుని చదివేదాన్ని. పని లేనప్పుడు ఫైలు మధ్యలో లైబ్రరీ పుస్తకం పెట్టుకునేదాన్ని. సారు చూసీ చూడనట్టు ఉండేవారు. ఒకసారి మాత్రం, "ఆ ఫైలు కస్టమరు మస్తు కష్టాల్ల ఉన్నట్టున్నడు, నువ్వు కండ్లు తుడుసుకుంటున్నవ్" అన్నారు.

అంతలో రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. బడులు, ఆఫీసులు, బొగ్గుబాయిలు అన్నీ బందు. ఊరూరా చౌరస్తాల్లో శిబిరాలు వెలిశాయి. మా అన్న మొదటి రోజే జనగామ శిబిరంలో కూర్చున్నాడు. "నోరున్నోడు గిప్పుడు కాకపోతే ఎప్పుడు మాట్లాడాలె సార్" అని చెప్పి పోయాడు. సారు కాదనలేదు. సాయంత్రమైతే ఆయన కూడా అక్కడే కూర్చునేవారు. నేను దసరాకు కూడా ఇంటికి పోలేకపోయాను. లైబ్రరీ మూసేశారు. ఆఫీసులో నేను, ఫోను మిగిలాం.

ఒకనాడు ఫోను ఎంతకూ ఆగలేదు. సారు తన కుర్చీలోంచి తల కూడా ఎత్తకుండా, "ఇగ నీళ్లు మస్తు తాగినవ్. ఎత్తు" అన్నారు.

అవతల ఒక ఆడపిల్ల గొంతు. మానుకోట నుంచి. మహబూబాబాద్‌ను చుట్టుపక్కల అందరూ అలాగే అంటారు.

"అక్కా, మీ కాయితం ఒకటి మా దుకాణంల పడ్డది. నెట్ల పేరెక్కిస్తరట గద. మాది టెంట్ హౌస్. జల్ది ఎక్కియ్యాలె. మా అబ్బా అమ్మేస్తనంటున్నడు."

నేను డైరీ తీసి మొదటి ప్రశ్న చూసుకున్నాను. "ఏం అమ్ముతారు?" అన్నాను.

"అంతా. టెంట్లు, కుర్చీలు, గంజులు, జంపఖానాలు, అన్ని. హన్మకొండ ఫంక్షన్ హాలాయన కొంటనన్నడు. కార్తీక పున్నం తెల్లారి లారీ వస్తది."

ఫోను పెట్టేశాక సారుకు చెప్పాను. ఆయన గోడకు ఉన్న రైళ్ల టైము కాగితం చూపించారు. "రైళ్లు నడుస్తున్నయ్. పొద్దుగాల బండెక్కు" అన్నారు. నేను పోలేనని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ పోలేనని చెప్పడానికి కూడా మాట్లాడాలి కదా. మర్నాడు బండెక్కాను.

మానుకోటలో టెంట్ హౌస్ ఒక సన్నని గల్లీలో ఉంది. తాళం వేసి ఉంది. పక్కింటావిడ, "చాచా చౌరస్తాల ఉంటడు, శిబిరం కాడ" అంది. వెళ్లాను. చౌరస్తా మధ్యలో జెండా గద్దె. దాని పక్కన రోడ్డు సగానికి పైగా ఆక్రమించి పెద్ద షామియానా. దాని కింద యాభై మంది దాకా కూర్చున్నారు. షామియానా అంచు మీద, ప్రతి కుర్చీ వీపు మీద, నీళ్ల డ్రమ్ము మీద, మైకు పెట్టిన బల్ల మీద ఒకే టెంట్ హౌస్ పేరు. ఆ టెంట్ హౌస్ యజమాని చాచా, తన సామానంతా శిబిరానికి ఇచ్చేశాడు. ఇచ్చి, దానికి కాపలాగా, దానితోపాటు ఉద్యమానికి కూడా అక్కడే కూర్చున్నాడు. అరవై ఏళ్ల మనిషి, తెల్లగడ్డం, మోకాళ్ల నొప్పులు. కూర్చున్న కుర్చీ కాలు వదులైతే లేచి తానే మేకు బిగించి మళ్లీ కూర్చునేవాడు.

ఫోనులో మాట్లాడిన అమ్మాయి ఆయన ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ బందు కాబట్టి తండ్రికి అన్నం తెచ్చింది. నన్ను చూసి, "ఫోన్ల అంత మెల్లగ మాట్లాడితే ముసలామె అనుకున్న అక్కా" అంది.

సంగతి ఇదీ. పెళ్లిళ్లన్నీ ఫంక్షన్ హాళ్లకు పోతున్నాయి. చాచాకు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. కూతురు దుకాణం తాను నడుపుతానంటుంది. చాచా వద్దంటాడు.

"టెంట్ ఏసుడంటే ముగ్గేసుడు కాదు బేటీ" అన్నాడు నాతో, కూతురు వినేలా. "గుంజలు పాతాలె, కూలోళ్లతోని కొట్లాడాలె. కొత్తోల్లు ఎవరొస్తున్నరని దీనికి గింత ఆశ?"

"నెట్ల చూసి వస్తరు అబ్బా."

"నెట్ల చూసి పెండ్లికి టెంట్ మాట్లాడుకునేటోడు ఈ దునియాల ఉన్నడా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రిలే నిరాహార దీక్షలో ఉన్న ఒక లెక్చరరు మైకు పక్కకు పెట్టి మరీ విన్నారు. ఆ నవ్వులకు కూతురికి పౌరుషం వచ్చింది. "వస్తే?" అంది.

చాచా గడ్డం నిమిరాడు. "పున్నం లోపల ముగ్గురు రావాలె. ముక్కూ మొగం తెల్వనోళ్లు. అన్ని పెండ్లిళ్లే కావాలె, గృహప్రవేశాలు లెక్కల్లకు రావు. ముగ్గురొస్తే లారీ ఖాళీగ పోతది. లేకుంటే నువ్వు నోర్మూస్కొని సామాన్లు ఎక్కియ్యాలె."

యాభై మంది సాక్షులు. ఒప్పందం అయిపోయింది.

ఇక నా పని. పేరు రాసుకున్నాను, ఫోను నెంబరు రాసుకున్నాను. కార్డు రావడానికి గల్లీ చిరునామా రాసుకున్నాను. పటంలో చుక్క కూడా గల్లీలోని దుకాణం మీద పెట్టాలని నాకు తెలుసు. ఆ మాటే చాచాతో మెల్లగా అన్నాను.

"గల్లీల ఏమున్నది బిడ్డా, గోడలు" అన్నాడు ఆయన. "దుకాణమంత ఈడనే ఉన్నది. చూస్తలేవా? ఈడనే పెట్టు."

"కానీ చాచా, శిబిరం ఎప్పుడూ ఉండదు కదా" అనాలి నేను. ఆ వాక్యం నా నోట్లో పూర్తిగా తయారై ఉంది. యాభై మంది నా వైపే చూస్తున్నారు. నేను తల ఊపాను. జనగామ వచ్చి చుక్కను జెండా గద్దె మీద పెట్టాను. ఫోటో కూడా శిబిరానిదే. టెంటు కింద అందరూ నవ్వుతూ, కొందరు పిడికిళ్లు ఎత్తి ఉన్నారు. అలాంటి ఫోటో పెట్టుకున్న టెంట్ హౌస్ అప్పట్లో దేశంలో మరొకటి ఉండి ఉండదు.

ఆ రోజు డైరీలో ఒకటే వాక్యం: "ఈరోజు ఒక మాట మింగాను, అరగడం లేదు."

కార్డు ఎంతకూ రాలేదు. రైళ్లు ఒకరోజు నడిస్తే ఒకరోజు పట్టాల మీద జనం కూర్చునేవాళ్లు. టపా సంచులు ఎక్కడ ఆగేవో ఎవరికీ తెలియదు. నేను రోజూ కూతురికి ఫోను చేసి అడిగేదాన్ని. గమనించారా, నేనే ఫోను చేసేదాన్ని. మొదట్లో ప్రశ్న రాసుకునే చేశాను. తర్వాత ఆ ఒక్క ప్రశ్నకు కాగితం ఎందుకని మానేశాను.

చివరకు వచ్చింది. ఎలా వచ్చిందో ఆ పిల్ల చెప్పింది. దుకాణం మూసి ఉందని పోస్ట్‌మ్యాన్ కార్డును నేరుగా శిబిరానికి పట్టుకెళ్లాడు. చాచాకు ఇంగ్లీషు రాదు. లెక్చరరు చేతికిచ్చాడు. ఆయన చేతిలో మైకు ఉంది. అలవాటు కొద్దీ ఆయన దాన్ని మైకులోనే చదివారు. ఈ సంఖ్య ఎవరికీ చెప్పకూడదన్న వాక్యంతో సహా. ఆ తర్వాత సంఖ్యను, స్పష్టంగా, ఒక్కో అంకె విడివిడిగా, క్లాసులో చెప్పినట్టు.

"మా చాచాకు లాటరీ తగిలింది" అని ఎవరో అరిచారట. చప్పట్లు కూడా కొట్టారట.

ఆ రోజు శిబిరంలో వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, ఊరందరికీ అక్కడే వండి, అక్కడే వడ్డించడం ఆ రోజుల్లో నిరసన. వంటకు పెట్టిన పెద్ద గంజులు చాచావే. కట్టెలు అంటుకోకపోతే బల్ల మీద ఉన్న కాగితాలన్నీ ఎవరో తీసి పొయ్యిలో పెట్టారు. వాటితో పాటు కార్డు కూడా పోయింది.

"మరి సంఖ్య?" అన్నాను.

"నేను కూరగాయలు కోస్తున్న అక్కా. మైకుల ఇనవడ్డది. అరచేతి మీద రాసుకున్న. చెప్పాల్నా, మళ్ల అంట్లు తోమితే పోతది."

చెప్పింది. కొట్టాను. ఎర్ర చుక్క వెలిగింది.

వారం తిరగకుండా మొదటి ఫోను వచ్చింది. పాలమూరు అవతల ఒక పల్లె నుంచి. ఆయన మహబూబాబాద్‌ను తమ పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, అనుకున్నాడు. చాచా ఎంతో మర్యాదగా, "మీదాంక మా గుంజలు రావు సాబ్" అన్నాడట. రెండోది గృహప్రవేశం. లెక్కలోకి రాలేదు.

మూడో రోజు శిబిరంలోకి భార్యాభర్తలిద్దరు వచ్చారు. చేతిలో అచ్చు వేసిన పటం. ఆయన బ్యాంకులో పనిచేస్తారు, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. పటం చూసుకుంటూ నడిచి, నినాదాల మధ్యకు వచ్చి నిలబడ్డారు. వెనక్కి తిరగడానికి ఆలస్యమైపోయింది.

"టెంట్ హౌస్ ఇక్కడేనాండీ?" అన్నారట ఆయన, చాలా చిన్న గొంతుతో.

శిబిరమంతా ఆయన వైపు తిరిగింది. తర్వాత వెనక నుంచి ఎవరో "ఇక్కడేనండీ" అని సాగదీశారు. నవ్వులు. సినిమాల్లో మా మాటను కోస్తా వాళ్లు ఎన్నేళ్లు సాగదీశారో గుర్తొచ్చి ఉంటుంది. చాచా లేచి చేయి ఎత్తాడు.

"చుప్. ఉద్యమం ఉద్యమమే, పెండ్లి పెండ్లే. కూసోండి సాబ్. అమ్మా, నువ్వు సుత కూసో. పిల్ల పెండ్లా, పిలగాని పెండ్లా?"

పిల్ల పెళ్లి. వాళ్లకు చాయ్ ఇచ్చారు. షామియానా గుడ్డను కింద నుంచి పైదాకా చూపించడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది? వేసే ఉంది కదా. యాభై మంది కింద కూర్చుంటే గాలి ఆడుతుందో లేదో వాళ్లే కూర్చుని చూశారు. మాట్లాడుకుని పోయారు. ఒకటి.

తర్వాత తొర్రూరు నుంచి ఒక బట్టల వ్యాపారి. తొర్రూరులో ఉన్న టెంట్లన్నీ అదే ముహూర్తానికి మాట్లాడేసుకున్నారట. ఆయన అల్లుడు నెట్‌లో వెతికి ఫోను చేశాడు. పున్నం దాటిన రెండో రోజు పెళ్లి. రెండు.

అప్పుడు సమ్మె విరమించారు. ఒక్క రోజులో శిబిరం ఎత్తేశారు. బస్సులు నడిచాయి. మా అన్న గొంతు బొంగురు పోయి ఆఫీసుకు తిరిగి వచ్చాడు. నేను ఎన్నో రోజుల తర్వాత భూపాలపల్లి పోయి, అమ్మ చేతి అన్నం తిని, రెండు పుస్తకాలు చదివి వచ్చాను. చుక్క సంగతి మర్చిపోయాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం.

వచ్చిన రోజే ఫోను.

"అక్కా, టీ కొట్టాయన చెప్పిండు. ఎవరో ఇద్దరు కాయితం పట్టుకొని చౌరస్తాల నిలబడి, అటూ ఇటూ చూసి ఎల్లిపోయిండ్రట. మా చుక్క ఇంక ఆడనే ఉన్నదా?"

ఉంది. జెండా గద్దె మీద, ఖాళీ రోడ్డులో. నేను వెంటనే దాన్ని గల్లీకి జరపబోయాను. జరిపితే మళ్లీ కొత్త కార్డు వస్తుందని, అందులోని సంఖ్య కొట్టేదాకా మార్పు కనబడదని తెర మీద రాసి వచ్చింది. అయినా కార్డు కోసం అడిగి పెట్టాను. మళ్లీ మూడు వారాలు. పున్నం పదిహేను రోజుల్లో ఉంది.

సారుకు చెప్పాను. నా తప్పేనని, చాచా పెట్టమన్నాడని కాదు, నాకు తెలిసీ పెట్టానని చెప్పాను. జీవితంలో అంత పొడుగు మాట నేను ఆయనతో అనలేదు. సారు కుర్చీ జరుపుకుని తెర వైపు వంగారు. "పోస్టాఫీసును మనం ఉరికియ్యలేం" అన్నారు. అన్న బొంగురు గొంతుతో, "పటం దుకాణం కాడికి రాకుంటే దుకాణాన్నే పటం కాడికి పట్టుకపోతే?" అన్నాడు. తమాషాకే అన్నాడు. నేను ఫోను అందుకున్నాను.

మర్నాడు మానుకోట చౌరస్తాలో టీ కొట్టు పక్కన, కొట్టాయన అనుమతితో, చిన్న టెంటు లేచింది. నాలుగు గుంజలు, ఒక గుడ్డ, రెండు కుర్చీలు, ఒక రిజిస్టరు. గుంజలు ఆ పిల్లే పాతింది. చాచా చూడనట్టు చూశాడట. గద్దె మీదికి ఎక్కలేం కాబట్టి చుక్కకు పది అడుగుల దూరం. కాలేజీ అయ్యాక ఆమె, అంతకుముందు చాచా అక్కడ కూర్చునేవాళ్లు.

పున్నానికి నాలుగు రోజుల ముందు భూపాలపల్లి నుంచి ఒక ఫోను వచ్చింది. కరెంటు ప్లాంటులో పనిచేసే లంబాడి యువకుడు. గార్ల దగ్గర తండాలో చెల్లెలి పెళ్లి. తనకు సెలవు దొరకదట. "మా నాయిన వచ్చి మాట్లాడుతడు. పున్నం లోపల పంపుత" అన్నాడు. ఆ పిల్ల నాకు వెంటనే చెప్పింది. భూపాలపల్లి పేరు వినగానే అది శుభసూచకంలా అనిపించింది నాకు.

పున్నం వచ్చింది. సాయంత్రం ఆమె గొంతు నాకంటే మెల్లగా ఉంది. "రాలేదు అక్కా."

సారు అడగకుండానే నేను తెల్లవారి బండెక్కాను. నేను పెట్టిన చుక్క. కనీసం అక్కడ ఉండాలి.

నేను వెళ్లేసరికి లారీ వచ్చి ఉంది. డ్రైవరు టీ తాగుతున్నాడు. చాచా కుర్చీలో కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. గెలిచినవాడిలా లేడు. నన్ను చూసి, "నువ్వు మంచిగనే చేసినవ్ బేటీ. ఇద్దరొచ్చిండ్రు. నేను ఒక్కడు సుత రాడనుకున్న" అన్నాడు.

"ఇంకొక్క రోజు ఆగు అబ్బా."

"మాట మాటే. యాభై మంది ముంగట అన్నది."

ఆ పిల్ల చిన్న టెంటు తాడు విప్పడం మొదలుపెట్టింది. నాకు కళ్లెత్తి ఆమెను చూసే ధైర్యం లేకపోయింది. చౌరస్తా వైపు చూశాను.

జెండా గద్దె దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తలపాగా, భుజాన సంచి, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆటోలు ఆయన చుట్టూ తిరిగి పోతున్నాయి. ఆయన కదలడం లేదు. కాగితం చూస్తాడు, కాళ్ల కింద నేల చూస్తాడు, మళ్లీ నిటారుగా నిలబడతాడు.

టీ కొట్టాయన నా చూపు చూసి అన్నాడు, "నిన్న మధ్యాహ్నం సంది గాయిన ఆడనే నిలబడుతున్నడు. పొద్దుగూకినంక పోయిండు, మళ్ల తెల్లారంగనే వచ్చిండు. బస్సు కోసమనుకున్నం అందరం."

మామూలుగా అయితే నేను ఆ పిల్లకు చెప్పేదాన్ని, ఆమె పోయి అడిగేది. ఆ రోజు చెప్పే తీరిక లేదనిపించింది. రోడ్డులోకి నడిచాను. ఒక ఆటో అతను తిట్టాడు. ఏం తిట్టాడో డైరీలో రాసుకున్నాను, ఇక్కడ రాయను. ఏం అడగాలో ముందుగా అనుకోలేదు కూడా.

"తాతా, పెండ్లి టెంట్ కోసం వచ్చినవా?"

ఆయన మొహం విప్పారింది. "అవ్ బిడ్డా. మా పిలగాడు భూపాలపల్లిల ఉంటడు. బస్సు డ్రైవర్‌తోని గీ కాయితం పంపిండు. గీ చుక్క కాడ నిలబడు, టెంటోళ్లు ఉంటరు, ఎటు పోకు అన్నడు. నిన్నటి సంది నిలబడ్డ. ఎవ్వరు రారైరి."

"గా టెంటు చూడలేదా?" పది అడుగుల దూరంలోని దాన్ని చూపించాను.

"చూసిన. చాయ్ దుకాణం నీడ అనుకున్న. చుక్క ఈడ ఉన్నది గద, ఆడెందుకు పోత?"

కాగితం తీసుకుని చూశాను. నా చుక్కే. ఆయన దాని మీద ఒక్క అంగుళం తేడా లేకుండా నిలబడ్డాడు. పటాన్ని అంతగా నమ్మిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. నేను పెట్టిన తప్పు చుక్క మీద ముందురోజు మధ్యాహ్నం నుంచి నిలబడ్డాడు.

చేయి పట్టుకుని తీసుకొచ్చాను. చాచా ముందు నిలబడి, నాకు గుర్తున్నంత వరకు మొదటిసారి గొంతు పెంచి, "చాచా, ఈయన నిన్ననే వచ్చిండు. పున్నం నాడే వచ్చిండు. తప్పు చుక్కది" అన్నాను.

"నిన్ననే?" అన్నాడు చాచా.

టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూనే సాక్ష్యం చెప్పాడు. పెద్దాయన కూడా చెప్పాడు. పక్కన పాన్ డబ్బా ఆయన కూడా తాను చూశానన్నాడు. చూశాడో లేదో గానీ ఆ చౌరస్తాలో ఆ ఒప్పందం తెలియనివాళ్లు లేరు.

చాచా పెద్దాయనను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. "పిల్ల పెండ్లేనా?" అని అడిగాడు, ఖాయం చేసుకోవడానికి. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. కూతురి వైపు తిరిగి, "తాడు ఎందుకిప్పుతున్నవ్? గట్టిగ కట్టు. రిజిస్టర్ తీయ్" అన్నాడు.

లారీ డ్రైవరు గ్లాసు పెట్టి వచ్చాడు. "మరి నా సంగతేంది చాచా? ఖాళీగ పోతే మా సేటు నన్ను తిడ్తడు."

ఆ పిల్ల రాస్తున్న రిజిస్టరులోంచి తలెత్తింది. "హన్మకొండకు ఎట్ల పోతవన్నా?"

"తొర్రూరు మీదికెల్లి."

"అయితే ఖాళీగెందుకు పోతవ్? తొర్రూరుల రేపే మా పెండ్లి ఉన్నది. సామాన్లు దింపి పో. కిరాయి ఇస్తం. మీ సేటుకు ఫోన్ చేసి అడుగు."

డ్రైవరు అడిగాడు. అవతల సేటు కాసేపు అరిచాడు, ఆ తర్వాత ఒప్పుకున్నాడు. పెళ్లిళ్ల వ్యాపారం తెలిసిన మనిషి. ముహూర్తం దగ్గర కోపం పనికిరాదని ఆయనకూ తెలుసు. మధ్యాహ్నానికి లారీ నిండింది. టెంట్లు, కుర్చీలు, గంజులు, జంపఖానాలు. పున్నం తెల్లారి లారీ నిండుగానే పోయింది. గంజులు ఎక్కించేటప్పుడు కూలీలతో ఆ పిల్ల కొట్లాడిన తీరు చూసి చాచా నా చెవిలో, "దీని నోటికి టెంట్ హౌస్ చిన్నది" అన్నాడు.

తర్వాత వారానికి రెండో కార్డు వచ్చింది. పోస్ట్‌మ్యాన్ అలవాటు కొద్దీ దాన్ని చౌరస్తాకే పట్టుకెళ్లాడు. ఆ పిల్ల నాకు ఫోను చేసి, ఎవరికీ చెప్పకూడదని రాసి ఉంది కాబట్టి, గుసగుసగా సంఖ్య చెప్పింది. వెనక నుంచి టీ కొట్టాయన సరిచేశాడు: "చివర్ల ఏడు కాదు, ఒకటి. మంచిగ చూడు." నిజంగానే ఒకటి. కొట్టాను. ఎర్ర చుక్క గద్దె దిగి, రోడ్డు దాటి, గల్లీలోకి వెళ్లి కూర్చుంది. నేను ఆఫీసులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. సారు ఫైలులోకి తొంగి చూశారు, పుస్తకం ఉందేమోనని. లేదు.

సాయంత్రం చాచా ఫోను.

"ఎందుకు జరిపినవ్ బిడ్డా? చౌరస్తాల గిరాకి మంచిగుండె. గల్లీల ఏమున్నది, గోడలు. మళ్ల ఈడనే పెట్టు."

నేను మంచినీళ్లకు లేవలేదు. డైరీ తెరవలేదు.

"పెట్టను చాచా" అన్నాను. "ఎండల నిలబడేటోళ్లు నీకు కనవడరు, నాకు కనవడ్తరు. ఈసారి నేను చెప్పినట్టు ఇను."

అవతల ఫోనుకు దూరంగా, కూతురితో అంటున్నట్టు ఆయన గొంతు:

"ఏయ్, చౌరస్తాల టెంటు పీకు. గా జనగామ పిల్లకు మాటలొచ్చినయ్."